అరకిలో అడిగితే వంద గ్రాములు చాలన్న దుకాణం

పూసల దండల సామాను అమ్మే ఆ దుకాణానికి మొదటిసారి వెళ్లినప్పుడు జంప్ రింగులు (దండ భాగాలను కలిపే చిన్న లోహపు రింగులు) అరకిలో కావాలని అడిగాను. కౌంటర్ వెనక కూర్చున్న పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూసి, "నెలకు ఎన్ని దండలు గుచ్చుతారమ్మా?" అన్నారు. పదో పన్నెండో అన్నాను. "అయితే వంద గ్రాములు తీసుకెళ్లండి. అరకిలో అయిపోయేసరికి మీ అమ్మాయి పెళ్లికి వస్తుంది, ఈలోపు రింగులు నల్లబడతాయి" అంటూ చిన్న కవరులో తూచి ఇచ్చారు. నాకు అమ్మాయి లేదు, ఇద్దరూ మగపిల్లలే. ఆ వంద గ్రాములు మాత్రం తొమ్మిది నెలలు వచ్చాయి.

అమ్మకానికి కూర్చున్న మనిషి తక్కువ కొనుక్కోమని చెప్పడం నా నలభై మూడేళ్లలో అదే మొదటిసారి. ఆ ఒక్క మాటకే మళ్లీ వెళ్లాను. 2024 జులై చివరి నుంచి 2025 సెప్టెంబరు వరకు ఆరుసార్లు వెళ్లి, దాదాపు నలభై ఆరు వేల రూపాయల సామాను కొన్నాను. ఒకసారి గొడవ కూడా పడ్డాను. ఇంట్లో పూసలు గుచ్చుకునే సరదాను చిన్న వ్యాపారంగా మార్చుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. దుకాణం పేరు మాత్రం రాయను. మంచి చెప్పినచోట ప్రకటన అనుకుంటారు, చెడు చెప్పినచోట తగాదా అవుతుంది. బందరులో, చిలకలపూడి వైపు అలాంటి దుకాణాలు చాలానే ఉన్నాయి. నేను చెప్పే సంగతులతో ఏ దుకాణాన్నయినా మీరే తూచుకోవచ్చు.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత వచ్చే ఉప్పునీళ్ల గోల అర్థం కాదు. గుడివాడలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో టెక్నీషియన్‌గా పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పగలు సూదులు గుచ్చుతాను, రాత్రి పూసలు గుచ్చుతాను. పూసలు చిన్నప్పటి నుంచి ఉన్న పిచ్చి. దాన్ని అమ్మవచ్చన్న ఆలోచన మాత్రం నాది కాదు. షుగర్ పరీక్షకు వచ్చిన ఒకావిడ సూదికి భయపడి తల పక్కకు తిప్పుకోబోయి, నా మెడ దగ్గర ఆగిపోయింది. "ఆ నల్లపూసలు ఎక్కడ కొన్నారండీ?" అంది. నేనే గుచ్చుకున్నానని చెప్పేసరికి సిరంజి నిండింది, ఆవిడకు తెలియనే లేదు. మర్నాడు రిపోర్టు కోసం వచ్చి, వెళ్తూ రెండు వందల రూపాయలు అడ్వాన్సు ఇచ్చి వెళ్లింది.

అప్పటివరకు పూసలు గుడివాడలోనే ఫ్యాన్సీ దుకాణాల్లో పదీ ఇరవై రూపాయల ప్యాకెట్లుగా కొనేదాన్ని. ప్యాకెట్లు కొని దండలు అమ్మితే మిగిలేది దారం ముక్కలే. సామాను దొరికే చోటికి వెళ్లాలి. మాకు ఆ చోటు గంట ప్రయాణంలో ఉండగా నేను హైదరాబాద్ బేగంబజార్ గురించి కలలు కంటూ కూర్చున్నాను.

చిలకలపూడి పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. గిల్టు నగ కనపడితే "చిలకలపూడి బంగారమా?" అని మూతి విరవడం మా ఇళ్లలో మామూలే. మా బామ్మకు చిలకలపూడి గాజులు నాలుగు ఉండేవి. ఆమె పోయేనాటికి కూడా లోపలివైపు తప్ప రంగు పోలేదు. కారణం ఈ దుకాణం పెద్దాయనే చెప్పారు. పాత రోల్డు గోల్డు అంటే పూత కాదట. రాగి లేదా ఇత్తడి మీద పల్చటి బంగారు రేకు అతికించి, రెండూ కలిపి సాగదీసి వస్తువు చేసేవారు. ఆ పొర ఇప్పటి పూతకు ఎన్నో రెట్లు మందం. ఇప్పుడు దాదాపు అంతా తొట్టెలో ముంచి, కరెంటుతో ఎక్కించే పూతే. మన పెద్దవాళ్ల గాజులు అన్నేళ్లు ఉన్నాయి కదా అని ఇప్పటి గొలుసు నుంచి అదే ఆశించకూడదు.

గుడివాడ నుంచి బందరు వెళ్లే ప్యాసింజరు రైలు ఎక్కితే గుడ్లవల్లేరు, కవుతరం, పెడన దాటాక బందరు కంటే ముందే చిలకలపూడి స్టేషను వస్తుంది. కార్తీక పౌర్ణమి రోజుల్లో మాత్రం సామాను కోసం ఆ వైపు వెళ్లకండి. పాండురంగస్వామి గుడికి, మంగినపూడి సముద్రస్నానాలకు వచ్చే జనంలో ఆటో కూడా దొరకదు.

దుకాణం రెండంతస్తులు. కింద తయారైన నగలు, పెళ్లి సెట్లు, వడ్డాణాలు, అద్దాల నిండా లైట్లు. కింద అమ్మే అమ్మాయిలు మిమ్మల్ని కూర్చోబెట్టి హారాలు మెడకు పెట్టి చూపిస్తారు. ఆ మర్యాదకు లొంగకుండా పక్కనున్న ఇరుకు మెట్లు ఎక్కాలి. పైన సామాను గది. ఫ్యాన్ ఒక్కటే, అదీ పెద్దాయన వైపు తిరిగి ఉంటుంది. గోడ నిండా రేకు డబ్బాలు, మూతల మీద పెన్నుతో రాసిన నంబర్లు. పూసలు లైను (దారానికి గుచ్చిన ఒక వరస) లెక్కన, గొలుసు మీటరు లెక్కన, రింగులు, పిన్నులు, క్రింపు పూసలు (వైరు చివర నొక్కి బిగించే చిన్న పూసలు) గ్రాముల లెక్కన, చెవి కొక్కేలు గ్రోసు లెక్కన. గ్రోసంటే 144. చాలామంది టోకు వ్యాపారులు గ్రోసు విప్పరు. ఈయన విప్పుతారు. పావు గ్రోసు, అంటే 36 కొక్కేలు కూడా ఇస్తారు, రేటు కొంచెం పెంచి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ ఒక్క సౌకర్యం ఎంత విలువైనదో, రెండు గ్రోసుల ఆకుపచ్చ కొక్కేలు కొని అల్మారాలో పెట్టుకున్న మా తోడికోడలిని అడగండి.

సరుకులో నాకు బాగా నచ్చినవి నల్లపూసలు. గాజువి, రంధ్రాలు శుభ్రంగా ఉంటాయి, లైనుకు రెండు మూడు కంటే ఎక్కువ పగిలినవి ఉండవు. ప్లాస్టిక్ పూసలు కూడా పక్క డబ్బాలోనే ఉంటాయి కాబట్టి చూసుకోవాలి. సూదిమొన వేడిచేసి ఆనిస్తే ప్లాస్టిక్ అయితే గుంట పడుతుంది. నేను ఆ పరీక్ష దుకాణంలోనే చేయబోతే పెద్దాయన నా చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కున్నారు. "పెదవికి ఆనించండమ్మా, గాజు చల్లగా ఉంటుంది" అన్నారు. నిజమే, అది చాలు. గుండ్లు బాగుంటాయి. కెంపు రాళ్ల లాకెట్లు రాజ్‌కోట్ నుంచి వస్తాయట, అందంగా ఉంటాయి కానీ రాళ్లు జిగురుతో అతికించినవి, పదింటిలో ఒకదానికి ఏదో ఒక రాయి ఊగుతూ ఉంటుంది. గోటితో నొక్కి చూసి తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు. పూసలు గుచ్చే గేర్ వైరు మాత్రం ఇక్కడ కొనకండి. ముడతలు పడుతుంది.

రెండోసారి వెళ్లినప్పుడు, అక్టోబరులో, నా లెక్కల పుస్తకం పెద్దాయన కంట పడింది. దసరాకు అమ్మిన దండ లెక్క అది. నల్లపూసలు రెండు లైన్లు 24, గుండ్లు ఇరవై 30, లాకెట్టు 40, వెనక గొలుసు 30, వైరు, క్రింపు పూసలు, కొక్కెం కలిపి 7. మొత్తం 131. డబ్బా 12, కవరు 3. అంతా 146 రూపాయలు. అమ్మింది 200కు. 54 మిగిలిందని కింద ఎర్ర పెన్నుతో గీత గీసి సంతోషపడ్డాను.

"గుచ్చడానికి ఎంతసేపు పట్టింది?" అన్నారు.

"గంటన్నర."

"గంటకు ముప్పై ఆరు. మా దగ్గర రాళ్లు అతికించే పిల్లకు ఇంతకంటే ఎక్కువ ఇస్తాను" అని పుస్తకం మూసి ఇచ్చేశారు.

సిగ్గుగా అనిపించింది, కోపమూ వచ్చింది. నెలజీతం ఉన్న మనిషిని కాబట్టి రాత్రిపూట నా సమయానికి విలువ లేదని నేనే అనుకున్నాను. పైగా తెగిపోతే మళ్లీ గుచ్చి ఇచ్చేదాన్ని, ఉచితంగా. ఆ దండను తర్వాత 320 చేశాను. మెరుగైన గొలుసు వాడుతున్నాను కాబట్టి ఖర్చూ పాతిక రూపాయలు పెరిగింది. ధర పెంచితే కొనరేమోనని భయపడ్డాను. నలుగురు మానేశారు, వాళ్ల స్థానంలో తొమ్మిదిమంది వచ్చారు. అందులో నా ప్రతిభ కొంత, బంగారం ధర పుణ్యం ఎక్కువ. 2025లో పది గ్రాములు లక్ష దాటాక, ఇంట్లో అసలు నల్లపూసలు ఉన్నవాళ్లు కూడా వాటిని లాకర్లో పెట్టి రోజువారీకి పూతవి అడుగుతున్నారు.

ఇక పూత సంగతి. దీనికోసమే ఈ సమీక్ష చదువుతున్నవాళ్లు పై భాగమంతా దాటేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇక్కడ గొలుసుకు మూడు రకాల పూత ఉంటుంది. మామూలు, దానికంటే కాస్త మందమైన మైక్రో, ఇంకా మందమైన ఎక్కువ పూత. ఒకే అల్లిక గొలుసు 24 అంగుళాలది నేను కొన్నప్పుడు మామూలు పూతతో 45, మైక్రో 85, ఎక్కువ పూత 140. మూడింటినీ పక్కపక్కన పెడితే కొనేవాళ్లకు తేడా తెలియదు, అమ్మేవాళ్లకూ తెలియదు. మా వృత్తిలో కంటికి ఒకేలా కనిపించే రెండు నమూనాలను కళ్లతో నమ్మితే ఉద్యోగం పోతుంది. అందుకని మూడు రకాల్లోనూ మూడేసి ముక్కలు కొన్నాను. ఒక ముక్క పెట్టెలో దాచాను. ఒక ముక్క ఉప్పునీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి, స్టీలు గిన్నె వద్దని గాజు గ్లాసులో వేశాను. చెమటకు అది దగ్గరి బంధువు. మూడో ముక్కలు మూడింటినీ కలిపి ఎడమ మణికట్టుకు కట్టుకుని డ్యూటీకి వెళ్లాను. రోజుకు ఇరవై సార్లు సబ్బు, మధ్యలో స్పిరిటు, పైన గ్లవుజులు. ఏ గృహిణి మెడా ఇంత హింస పెట్టదు.

గ్లాసులో మామూలు పూత ముక్క మూడో రోజుకే నీళ్లను ఆకుపచ్చగా మార్చింది. మైక్రో ఆరో రోజున చుక్కలు వేసింది. ఎక్కువ పూతది పది రోజులైనా అలాగే ఉంది, విసుగొచ్చి నేనే తీశాను. మణికట్టు మీద మామూలుది పదకొండో రోజుకు గొలుసు లంకెలు కలిసేచోట రాగి ఎరుపు తేలింది. మైక్రో నాలుగు నెలలు నిలిచింది. ఎక్కువ పూతది ఏడో నెలలో కూడా కొక్కెం దగ్గర తప్ప వెలవెలబోలేదు. ఈ ఫలితాలు కాగితం మీద రాసి తీసుకెళ్లి చూపిస్తే పెద్దాయన చాలాసేపు చదివారు. ఆ రోజు నుంచి నేను మెట్లెక్కగానే "పరీక్షలమ్మగారు వచ్చారు, కుర్చీ వేయండి" అంటారు. ఎగతాళో గౌరవమో ఇప్పటికీ తేల్చుకోలేదు. కుర్చీ అయితే వేస్తారు.

వన్ గ్రామ్ గోల్డ్ అన్న మాట గురించి కూడా ఆయనతో ఒక పూట వాదించాను. నా డబ్బాల్లో పెట్టుకోవడానికి ఆ పేరుతో అచ్చువేసిన కార్డులు ఇస్తామన్నారు, వందకు యాభై రూపాయలు. అది వాడుకలో పడిన పేరే తప్ప వస్తువులో గ్రాము బంగారం ఉందని అర్థం కాదు. లెక్క వేసి చూడండి. ఒక గ్రాము బంగారాన్ని ఒక మైక్రాను మందాన పరిస్తే అయిదు వందల చదరపు సెంటీమీటర్లకు పైగా వస్తుంది. ఏ4 కాగితం కంటే కాస్త చిన్న ముక్క. సన్నటి గొలుసు ఉపరితలం అందులో ఎన్నో వంతు? పైగా చవక పూతలు మైక్రాను దరిదాపుల్లోకి కూడా రావు. మైక్రాను అంటే ఎంతో తెలియకపోతే, నేను రోజూ మైక్రోస్కోపులో చూసే ఎర్ర రక్తకణం అడ్డంగా ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది. అందులో ఏడో వంతు మందం ఉంటేనే గొప్ప పూత అన్నమాట. నేను కార్డులు తీసుకోలేదు. "ఇత్తడి మీద బంగారు పూత. స్నానానికి, నిద్రకు ముందు తీసేయండి. సెంటు కొట్టుకున్నాక వేసుకోండి" అని గుడివాడలోనే అచ్చువేయించుకున్నాను. ఆ కార్డు చూసి ఒకావిడ కొనకుండా వెళ్లిపోయింది. వెళ్లనివ్వండి.

పూత మనమే ఇంట్లో వేసుకోవచ్చా అని నన్ను ముగ్గురు అడిగారు. వద్దు. బంగారు పూత తొట్టెల్లో సాధారణంగా వాడేది సయనైడ్ లవణం. దాని గురించి తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ పని చేసేవాళ్లకే వదిలేయండి.

చెవులకు పెట్టే కొక్కేల విషయంలో ఈ దుకాణానికి తక్కువ మార్కులు. ఇత్తడికీ బంగారానికీ మధ్య నికెల్ పొర వేయడం ఈ పరిశ్రమలో మామూలు. కొందరికి నికెల్ పడదు, చెవితమ్మె ఎర్రబడి రసి కారుతుంది. నాకే అలా అయింది. నికెల్ లేని కొక్కేలు ఉన్నాయా అంటే పెద్దాయన "అన్నీ మంచివేనమ్మా" అన్నారు. అది జవాబు కాదు. ఇప్పుడు అలర్జీ ఉన్నవాళ్లకు వెండి కొక్కేలు వేరే చోట కొని వేస్తున్నాను.

ఇక గొడవకు వస్తాను. సంక్రాంతి ఆర్డర్ల కోసం డిసెంబరులో ముప్పై మైక్రో గొలుసులు కొన్నాను. రంగు కొంచెం ఎరుపు తిరిగినట్టు అనిపించింది. ట్యూబులైటు కింద చూశాను కాబట్టి అనుకుని ఊరుకున్నాను. అది నా తప్పు. పండుగలోపు పద్దెనిమిది దండలు అమ్మాను. నెలాఖరుకల్లా ఏడు వెనక్కి వచ్చాయి. మెడ వెనక నల్లటి చార పడిందని ఒకావిడ వాట్సాప్‌లో ఫోటో పంపింది. ఏడుగురికీ డబ్బు తిరిగి ఇచ్చాను. 2,240 రూపాయలు. డబ్బు కంటే, మా ల్యాబులోనే పనిచేసే అమ్మాయి తన దండ తిరిగి ఇస్తూ "పరవాలేదు అక్కా" అన్న తీరు ఎక్కువ బాధపెట్టింది.

ఫిబ్రవరి మొదటివారంలో అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లాను. పెద్దాయన లేరు. కొడుకు ఉన్నాడు. సంచిలోకి చూడకుండానే, "కొందరిది వేడి ఒళ్లు ఉంటుంది మేడమ్. వాళ్లకు ఏదీ నిలవదు" అన్నాడు.

గిల్టు దుకాణాలు పుట్టినప్పటి నుంచి ఉన్న మంత్రం ఇది. కొన్నవాళ్లనే తప్పుపట్టి పంపేస్తుంది, వాళ్లూ తమ ఒంటిదే దోషమనుకుని వెళ్లిపోతారు. "ఏడుగురి ఒళ్లూ ఒక్కసారే వేడెక్కాయా బాబూ?" అన్నాను. అతను నవ్వాడు. అప్పుడు సంచిలోంచి ఎనిమిదో గొలుసు తీశాను. అదే లాటులోది, ఎవరూ వేసుకోనిది, కొన్న రోజు నుంచి పెట్టెలోనే ఉన్నది. మా పనిలో ఏ పరీక్ష చేసినా పక్కన ఒక నమూనా తాకకుండా ఉంచుతాం. ఆ అలవాటు కొద్దీ దాచాను. అదీ నల్లబడింది. "పెట్టెకు చెమట పట్టదు కదా" అన్నాను. అతను ఫోను తీసి నాన్నకు చేశాడు.

పెద్దాయన అరగంటలో వచ్చారు. బ్లేడుతో గొలుసులో ఒక లంకె గీకి, వెలుతురులో తిప్పి చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకును తిట్టారు, నా ఎదురుగానే. పండుగ రద్దీలో గొలుసులకు వేరే చోట పూత వేయించి తెప్పించారట, ఆ సంగతి నాకు చెప్పకుండా పాత డబ్బాలోనే కలిపి అమ్మారు. తప్పు ఒప్పుకున్నారు, ఆ మాట రాయకపోతే అన్యాయం. నా దగ్గర మిగిలిన పన్నెండు, వెనక్కి వచ్చిన ఏడు, మొత్తం పందొమ్మిది గొలుసులకు మళ్లీ పూత వేసి పంపుతామన్నారు, ఖర్చు తీసుకోకుండా. నేను తిరిగి ఇచ్చిన 2,240 మాత్రం వాళ్ల లెక్కలోకి రాదన్నారు. "మీ అమ్మకం మీదమ్మా, నా సరుకు నాది." వాదించాను, కదల్లేదు.

గొలుసులు వారంలో వస్తాయన్నవి మూడు వారాలకు బస్సు పార్సిల్లో వచ్చాయి. ఈలోపు మాఘమాసం ముహూర్తాలన్నీ అయిపోయాయి. తిరిగి వచ్చిన వాటి పూత బాగుంది, గ్లాసు పరీక్షలో ఆరు రోజులు నిలిచింది. కానీ ఫిబ్రవరిలో నా పుస్తకంలో ఒకే ఒక్క అమ్మకం ఉంది, అదీ చెవి బుట్టలు.

ఆ గొడవలో నా దగ్గర బిల్లు ఉండటం పనికొచ్చింది. మొదటి రెండుసార్లు తెల్ల చీటీ మీద కూడికలు రాసి ఇచ్చారు. డిసెంబరులో మాత్రం బిల్లు కావాలని పట్టుబట్టాను. గొలుసులు, లాకెట్లకు 3 శాతం జీఎస్టీ పడింది, కొడుకు "అనవసరంగా ఎందుకు మేడమ్" అని సణిగాడు. తేదీ, రకం, సంఖ్య ఉన్న ఆ కాగితం లేకపోతే ముప్పై గొలుసులు అక్కడ కొన్నవేనని ఎలా చూపించేదాన్ని? ఇంకో మాట. బిల్లు వ్యాపారం పేరు మీద ఉండాలని ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) చేయించుకోబోతే మా ఊళ్లో నెట్ సెంటరు అబ్బాయి పదిహేను వందలు అడిగాడు. ప్రభుత్వ వెబ్‌సైటులో అది పూర్తిగా ఉచితం. ఆధార్ పెట్టుకుని మా చిన్నవాడు రాత్రి భోజనం వేళకు పూర్తిచేశాడు. జీఎస్టీ నమోదు నాకింకా అవసరం పడలేదు. మన రాష్ట్రంలో సరుకు అమ్మకాలకు ఏడాదికి 40 లక్షల వరకు మినహాయింపు ఉంది, నేను ఆ దారిలో మొదటి మైలురాయి కూడా చూడలేదు. బయటి రాష్ట్రాలకు అమ్మేవాళ్లకు నిబంధనలు వేరు, పార్సిళ్లు పంపేముందు లెక్కలు చూసేవాళ్లను అడగండి.

బేగంబజార్ కూడా చూశాను, మేనెలలో మరిది ఇంటికి వెళ్లినప్పుడు. అక్కడ రకాలు ఎక్కువ, పూసలు లైనుకు రెండు మూడు రూపాయలు తక్కువ. కానీ నాలుగు దుకాణాల్లో మూడు నన్ను చూసి "ఎన్ని డజన్లు?" అన్నాయి, నాలుగోది చూడనే లేదు. తెచ్చిన పూసల రంగు మళ్లీ కావాలంటే మళ్లీ హైదరాబాద్ వెళ్లాలి. సరదాగా గుచ్చుకునేవాళ్లకు ప్రతిసారీ కొత్త రంగు పండుగే. అమ్మేవాళ్లకు అలా కాదు. ఒకావిడ దండ చూసి వాళ్ల చెల్లెలు సరిగ్గా అలాంటిదే కావాలంటుంది, అప్పుడు అదే పూస, అదే గుండు, అదే పసుపు రంగు ఉన్న గొలుసు కావాలి. రేటు తక్కువ ఎక్కడని వెతకడం మానేసి, నిరుడు కొన్నదే ఈ ఏడూ దొరుకుతుందా అని అడగడం మొదలుపెట్టాక నా పని సులువైంది. ఈ దుకాణంలో నల్లపూసలకు, గుండ్లకు ఆ హామీ ఉంది. డబ్బా నంబరు చెబితే ఫోనులోనే తీసిపెడతారు, డబ్బు పంపితే పార్సిల్ చేస్తారు. లాకెట్లకు లేదు. నచ్చిన లాకెట్టు కనపడితే డజను తీసుకోండి, మళ్లీ రాదు.

గొలుసుల విషయంలో ఇప్పటికీ సగం నమ్మకమే. జూన్‌లో వెళ్లినప్పుడు ఎక్కువ పూతవి మాత్రమే తీసుకున్నాను, ధర గిట్టుబాటు కాక దండను 390 చేయాల్సి వచ్చింది. ఆ ధరకు అమ్ముడుపోతున్నాయి కానీ నెమ్మదిగా. కొడుకుతో బేరం ఆడకండి, పెద్దాయన ఉన్నప్పుడే వెళ్లండి. ఆయన భోజనానికి వెళ్తే మూడింటి దాకా రారు, ఆ వేళలో కిందకు వచ్చి హారాలు చూస్తూ కూర్చుంటే పర్సు ఖాళీ అవుతుంది. నాకు ఒకసారి అయింది, దాని సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

పోయిన వారం ఆరోసారి వెళ్లాను. దసరా, దీపావళికి కలిపి నలభై మైక్రో గొలుసులు కావాలి. పెద్దాయన డబ్బా తీయలేదు. సొరుగులోంచి చిన్న కాగితపు కవరు తీసి ఇచ్చారు. లోపల వేలెడు పొడవు గొలుసు ముక్క, కవరు మీద లాటు నంబరు, ముంచిన తేదీ, కింద "పరీక్షలమ్మ" అని రాసి ఉంది. ఫిబ్రవరి నుంచి ప్రతి లాటులో ఒక ముక్క అలా తీసి ఉంచుతున్నారట. "తీసుకెళ్లి మీ గ్లాసులో వేసుకోండి. బాగుంటేనే ఫోను చేయండి, నలభై పంపుతాను" అన్నారు. దానికి డబ్బు తీసుకోలేదు. నల్లపూసలు పన్నెండు లైన్లు, గుండ్లు రెండు వందలు మాత్రం కొని బిల్లు తీసుకుని వచ్చాను.

ముక్క వంటింటి కిటికీలో గ్లాసులో ఉంది. ఇవాళ నాలుగో రోజు. నీళ్లింకా తేటగానే ఉన్నాయి.